రేపటి కప్పు పెరుగు

నా కిడ్నీల సంగతి బయటపడిన రోజున డాక్టరు గారు చెప్పిన మాటల్లో ఒక్కటి తప్ప అన్నీ నాకు తెలిసినవే. రక్తంలో యూరియా ఎక్కువైందన్నారు. పొటాషియం మీద ఒక కన్నేసి ఉంచాలన్నారు. ఫాస్ఫరస్ తగ్గించుకోమన్నారు. పెళ్ళికి ముందు నుంచీ నేను మిరప తోటలో గుమ్మరిస్తూ వచ్చింది ఈ మూడింటినే. ఎరువుల కొట్టు ముందు బెంచీ మీద కూర్చున్నట్టుంది గానీ గుంటూరులో పెద్దాసుపత్రికి వచ్చినట్టు అనిపించలేదు. తెలియని ఆ ఒక్క మాట క్రియాటినిన్. అది మాత్రం మా వైపు ఏ కంపెనీ వాడూ బస్తాల్లో అమ్మడు.

తర్వాత నన్ను పక్క గదిలోకి పంపారు. ఏం తినాలో చెప్పే అమ్మాయి అక్కడ ఉంది. మా కూతురి కంటే చిన్నది, కళ్ళజోడు పెట్టుకుంది. పొద్దున లేచింది మొదలు ఏమేం తింటారో చెప్పండి అంది. చెప్పాను. లేవగానే చిక్కటి కాఫీ. పొలంలో ఎండెక్కాక మజ్జిగ. మధ్యాహ్నం అన్నంలోకి పెరుగు. సాయంత్రం టీ. రాత్రి మళ్ళీ పెరుగన్నం, పడుకోబోయే ముందు గ్లాసుడు పాలు. మధ్యలో ఎవరైనా పాలకోవా తెస్తే కాదనేది లేదు. ఆ అమ్మాయి కాసేపు రాయడం ఆపి నా ముఖం వంక చూసింది. మీరు తినేదంతా గేదె ఇచ్చేదేనా అని అడగాలనుకుని మర్యాదకు ఊరుకున్నట్టుంది.

పాలు, పెరుగు, మజ్జిగ, పనీరు, కోవా అన్నీ ఒకే ఖాతాలోకి వస్తాయని చెప్పింది. అన్నిట్లోనూ ఆ ఫాస్ఫరస్, ఆ పొటాషియం ఉంటాయట. మీ రిపోర్టును బట్టి రోజుకు ఒక చిన్న కప్పు, అది పాలుగా తాగుతారో పెరుగుగా తింటారో మీ ఇష్టం అంది. మజ్జిగలో నీళ్ళే కదమ్మా ఉండేది అన్నాను. నీళ్ళు పోసినంత మాత్రాన అందులో ఉన్న పెరుగు ఎక్కడికీ పోదు, పైగా మీరు ఉప్పు వేస్తారు అంది. మరి నెయ్యి సంగతేమిటని అడిగాను. వెన్నలో, నెయ్యిలో అవి పెద్దగా ఉండవట. గుండె డాక్టరు వద్దనకపోతే ఓ చెంచా వేసుకోవచ్చట. ఇన్నాళ్ళూ లోకమంతా నన్ను నెయ్యి పేరు చెప్పి బెదిరించింది, పెరుగు మంచిదని వెనకేసుకొచ్చింది. తీరా చూస్తే నెయ్యి నా పక్షాన నిలబడింది, పెరుగు ఎదురు తిరిగింది. నాకు మనుషుల విషయంలోనూ ఎప్పుడూ ఇలాగే జరుగుతుంది.

ఇంటికి రాగానే మా ఆవిడ వంటింట్లో ఉన్న గిన్నెలన్నీ కిందికి దించి, ఊరగాయ వడ్డించుకునే చిన్న స్టీలు కప్పు ఒకటి ఎంచింది. ఇంతకంటే పెద్దది లేదా అన్నాను. ఉంది గానీ అది మీకు కాదు అంది. ఆ రోజు నుంచి ఆ కప్పే నా పాడి. పొద్దున కాఫీలోకి పాలు పోయించుకుంటే మధ్యాహ్నం పెరుగు లేదు. పెరుగు కావాలంటే కాఫీ నల్లగా తాగాలి. నేను వారం పాటు ఇల్లు పీకి పందిరేశాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆవిడ కప్పు మార్చలేదు. ఒక రోజు మాత్రం, ఆసుపత్రి కింది అంతస్తులో రక్తం శుభ్రం చేసే మిషన్ల పక్కన పడుకున్న వాళ్ళను మీరూ చూశారు, నేనూ చూశాను అంది. నేను కాఫీ నల్లగా తాగేశాను.

ఇదంతా మా ఇంటి గడప దాటకూడదని కూడా ఆవిడే తీర్మానించింది. తెలిస్తే ఒకరు పచ్చి ఆకుల రసం తెస్తారు, ఇంకొకరు ఏదో వేరు అరగదీసి తెస్తారు, అందరూ కలిసి ఉన్నది కూడా ఊడగొడతారు అంది. అందులో నాకూ అభ్యంతరం కనిపించలేదు. అసలు కారణం వేరే ఉందని తర్వాత తెలిసింది.

పెరుగు లేకుండా అన్నం ముగించడమంటే మా వైపు ఏమిటో తెలియని వాళ్ళకు చెప్పాలి. మేం కారం తినే వాళ్ళం. పప్పుతో మొదలుపెట్టి, పచ్చడి, కూర, పులుసు అన్నీ అయ్యాక ఆ నోరు, ఆ కడుపు పెరుగు దగ్గరికి వచ్చి చల్లబడాలి. అక్కడికి వస్తేనే అన్నం తిన్నట్టు. దానికి ముందే చేయి కడుక్కున్నాడంటే ఏదో కబురు వచ్చి లేవాల్సి వచ్చిందన్నా అయ్యుండాలి, ఆ ఇంటి మీద కోపం వచ్చిందన్నా అయ్యుండాలి. మూడో కారణం మాకు తెలియదు. ఫలానా వాడు పెరుగు వేసుకోకుండా లేచాడు అని పెద్దమనుషుల ముందు ఫిర్యాదుగా చెప్పడం నేను చెవులారా విన్నాను. పెద్దమనుషులు కూడా, అయితే సంగతి ముదిరిందన్నమాట అని సర్దుకుని కూర్చున్నారు.

మా బావ సరిగ్గా ఆ పనే చేశాడు. బావ అంటే మా ఆవిడకు అన్న. పర్చూరు దగ్గర పల్లెటూళ్ళో ఉంటాడు. మేమిద్దరం కలిసి అక్కడ పొలం కౌలుకు తీసుకుని మిరప వేసేవాళ్ళం. నల్ల తామర పురుగు పడిన ఏడు, పువ్వుల్లో పురుగు కనపడగానే మందు కొడదామని నేనన్నాను. నాలుగు రోజులు చూద్దామని తనన్నాడు. నాలుగు రోజుల తర్వాత చూడ్డానికి పువ్వు లేదు. ఆ కోపంతో మా ఇంట్లో అన్నాల దగ్గర మాటా మాటా అనుకున్నాం. మా ఆవిడ పెరుగు గిన్నె పట్టుకుని వచ్చి వడ్డించబోతుండగా బావ కంచంలోనే చేయి కడిగేసుకుని లేచి వెళ్ళిపోయాడు. గరిటె ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత రాకపోకలు లేవు. మేం మగవాళ్ళం, మాకు తోట పోయింది, మరుసటి ఏడు మరో తోట వేసుకున్నాం. నష్టపోయింది మా ఆవిడ. అమ్మానాన్నా పోయాక ఆమెకు పుట్టిల్లంటే ఆ అన్న గడపే. అన్న పిలవలేదు కాబట్టి ఆమె వెళ్ళలేదు. నువ్వు వెళ్ళు, నాకేం అభ్యంతరం లేదని నేను అన్నాను. పిలవని పుట్టింటికి వెళ్ళే ఆడది ఎక్కడైనా ఉందా అంది. ఏడవడం లాంటివి ఆవిడకు అలవాటు లేదు. పండగ రోజుల్లో గిన్నెలు మాత్రం మామూలు కంటే గట్టిగా తోమేది. బస్సులో చీరాల వెళ్ళేటప్పుడు వాళ్ళ ఊరి మలుపు వస్తే అవతలి కిటికీలోంచి శెనగ చేలు చూసేది. శెనగ చేలల్లో అంత చూడాల్సింది ఏమీ ఉండదు.

మొన్న మాఘమాసంలో గుంటూరు మిర్చి యార్డులో నేనూ బావా ఎదురుపడ్డాం. తప్పుకుపోవడానికి వీలు లేదు, అటూ ఇటూ మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు నిలబెట్టి ఉన్నాయి. ఇద్దరికీ ముక్కుకు తువాళ్ళు కట్టి ఉన్నాయి. పలకరించాలా వద్దా అని నేను తేల్చుకునే లోపు ఘాటుకు ఇద్దరం ఒకేసారి తుమ్మాం. అలా తుమ్మిన తర్వాత ఎదుటి మనిషిని చూడనట్టు వెళ్ళిపోవడం కుదరదు. టీ తాగాం. నేను పాలు లేని టీ చెబితే వింతగా చూశాడు గానీ ఏమీ అడగలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, ఆదివారం అమ్మాయిని తీసుకుని అన్నానికి రా అన్నాడు. తన చెల్లెలికి పెళ్ళీడు పిల్లలున్నా అతనికి ఇప్పటికీ అమ్మాయే.

ఆ మాట ఇంటికి వచ్చి చెబితే మా ఆవిడ చేస్తున్న పని ఆపలేదు. ఏ చీర కట్టుకోవాలో మాత్రం బుధవారమే తీసి మంచం మీద పెట్టింది. ఈ భోజనం సవ్యంగా జరిగితే ఆమెకు పుట్టిల్లు తిరిగి వచ్చినట్టు. చెడిందా, ఇంక ఎవరూ ఎవరినీ పిలిచేది లేదు. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరం పైకి అనలేదు. ఆ రాత్రి అన్నాల దగ్గర షరతు పెట్టింది. మీ కిడ్నీల మాట అక్కడ ఎత్తకూడదు అంది. ఎందుకంటే, అన్నయ్య తనంతట తాను పిలిచాడు, రేపు మళ్ళీ పిలిచినా నేను చెల్లెల్ని కాబట్టి పిలవాలి, మొగుడు జబ్బు మనిషని జాలిపడి కాదు అంది. ఊరి రసాలూ వేర్లూ అంతా పైపై మాటే, అసలు సంగతి ఇది.

మరి పెరుగో అన్నాను. దానికీ ఆలోచించి పెట్టుకుంది. ఆదివారం పొద్దున నాకు పాల చుక్క ఇవ్వదు. ఆ రోజు కప్పంతా వాళ్ళింటి పెరుగు కోసం మిగిల్చి ఉంచాలి. అక్కడ జలుబు చేసిందని చెప్పి కొంచెం వేయించుకుంటే మర్యాద దక్కుతుంది, కిడ్నీలూ దక్కుతాయి. ఇంత పకడ్బందీ ఏర్పాటు మా పెళ్ళికి కూడా జరగలేదు.

ఆదివారం వెళ్ళాం. బావ వీధి గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. వచ్చారా అన్నాడు. వచ్చామన్నాం. బావ భార్య కాళ్ళకు నీళ్ళిచ్చి, మా ఆవిడ చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. నేను కుర్చీలో సర్దుకుని కూర్చున్నానో లేదో బావ భార్య ఒక పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టింది. అందులో జున్ను. గేదె శుక్రవారం ఈనిందట. మొదటి పాలు, బెల్లం, యాలకులు, పైన మిరియాల పొడి. ముక్క కూడా ఏమాత్రం మొహమాటం లేకుండా కోసింది.

"మీరొస్తారని ఎవరికీ పెట్టకుండా ఆపాను అన్నయ్య గారూ," అంది.

నేను వెనకే వచ్చిన మా ఆవిడ వంక చూశాను. ఆవిడ నా వంక చూసింది. ఇన్నేళ్ళ కాపురంలో మేం చూపులతోనే చాలా విషయాలు తేల్చుకున్నాం గానీ జున్ను విషయంలో ఏ చూపు చూడాలో ఎప్పుడూ అనుకోలేదు. ఈనిన గేదె జున్ను తెచ్చి చేతిలో పెడితే వద్దనడం నాకు తెలిసి ఎవరూ చేయలేదు. పైగా అబద్ధమెందుకు, జున్నంటే నాకు ప్రాణం. కొంచెం తిని పళ్ళెం కింద పెడదామనుకున్నాను. తీరా చూస్తే పళ్ళెంలో మిరియాల పొడి తప్ప ఏమీ మిగల్లేదు. మా ఆవిడ కళ్ళు మూసుకుని తెరిచింది. ఆ రోజు కప్పు అక్కడితో అయిపోయిందని, నాకు తెలిసి, ఆ మూసుకోవడానికి అర్థం.

మధ్యాహ్నం బావనూ నన్నూ పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించారు. పప్పు, నెయ్యి, గారెలు, గోంగూర, నాటుకోడి కూర. నెయ్యి రెండోసారి అడిగి వేయించుకున్నాను. బావ భార్య సంతోషించింది. గోంగూర నాకు వద్దన్న వాటిలో పెద్దపీట వేసుకుని కూర్చుంది కాబట్టి వేలితో తాకి వదిలేశాను. కోడి కూర రెండు ముక్కలతో ఆపాను. బావ నా కంచం వంక ఒకటి రెండుసార్లు చూశాడు. వర్షాల గురించి మాట్లాడుకున్నాం. పత్తి తీతలకు మనుషులు దొరకడం లేదని అనుకున్నాం. మిరప మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

పెరుగు వచ్చింది. రెండో గేదె పాలతో తోడేసిన గడ్డ పెరుగు, గరిటెతో కోస్తే గాని రాదు. భార్య వడ్డించబోతుంటే బావ తన అన్నం మధ్యలో ఆపి, ఎడమ చేత్తో గిన్నె అందుకుని, కుడిచేయి కడుక్కుని వచ్చి, నా ముందు వంగి నిలబడ్డాడు. నాకు అర్థమైంది. ఆనాడు ఏ పెరుగు దగ్గర లేచిపోయాడో ఆ పెరుగు ఇవాళ తన చేత్తో నాకు వడ్డించాలనుకున్నాడు. మాటల్లో తప్పైందనడం మా వాళ్ళకు చేతకాదు. అతను చేయగలిగింది ఇదే, దీన్ని వారం రోజులుగా అనుకుని ఉంటాడు.

నేను రెండు చేతులూ కంచం మీద అడ్డం పెట్టాను.

"వద్దు బావా. జలుబు చేసింది."

"ఇందాక జున్ను తిన్నావుగా," అన్నాడు బావ.

జున్ను తిని, పెరుగుకు జలుబు అడ్డం చెప్పిన మొదటి మనిషిని నేనే అయ్యుంటాను. మా పకడ్బందీ ఏర్పాటులో ఈ ప్రశ్న లేదు. బావ నెమ్మదిగా గిన్నె నేల మీద పెట్టాడు. ముఖంలో రంగు మారింది.

"లెక్క సరిచేసుకోటానికి వచ్చావన్నమాట," అన్నాడు. "మంచిది బావా. తీరిపోయింది."

అతను గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. నేనూ అరిచేవాడిని. అరుపులు మాకు అలవాటే. మెల్లగా అన్నాడు, అందుకు నాకు భయం వేసింది. కాదనడానికి నోరు తెరిచాను గానీ మా ఆవిడకు ఇచ్చిన మాట అడ్డం వచ్చింది. ఆమె వంటింటి గుమ్మంలో మంచినీళ్ళ చెంబుతో నిలబడి ఉంది. అన్న వంక చూసింది, నా చేతుల వంక చూసింది. నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను. ఎంత తేలిగ్గా అయిపోయింది అనుకున్నాను. రెండు గరిటెల పెరుగు వేయించుకుంటే పోయేదానికి ఈ మనిషి పుట్టింటిని నేను చేతులారా మూసేశాననుకున్నాను. ఏదైతే అదైంది, తినేద్దామని చేతులు తీయబోయాను కూడా.

"వెయ్యొద్దన్నయ్యా," అంది మా ఆవిడ. "ఆయన కిడ్నీలు పాడైనాయి. ఇవాళ తినాల్సింది జున్నుతోనే అయిపోయింది."

బావ మొదట నమ్మలేదు. ఆమెను, నన్ను మార్చి మార్చి చూశాడు. జున్నుకూ కిడ్నీలకూ ఏమిటి సంబంధం అన్నాడు. అప్పుడు నేను అందుకున్నాను. డాక్టరు గారు చెప్పినట్టు చెబితే సాయంత్రమయ్యేది, అందుకని మా భాషలో చెప్పాను. కిడ్నీలు చేలో మురుగుకాలవ లాంటివి, నావి పూడిపోయాయి, వేసిన ఎరువు బయటికి పోవడం లేదు, అందుకని యూరియా, డీఏపీ, పొటాష్ మూడూ తగ్గించి వేసుకోమన్నారు, పాలూ పెరుగుల్లో ఆ డీఏపీలో ఉండేదీ, పొటాషూ ఎక్కువట అన్నాను. బావ నేల మీద కూర్చుండిపోయి శ్రద్ధగా విన్నాడు. నీళ్ళు నిలిచి ఉరకెత్తిన చేలో ఎరువు ఆపేస్తామే, అలాగా అన్నాడు. అలాగే అన్నాను. ఆసుపత్రిలో ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పినా నాకు అంత బాగా అర్థం కాలేదు.

తర్వాత అతని కోపం చెల్లెలి మీదకు తిరిగింది. ఎన్నాళ్ళైంది అన్నాడు. ఏడాది దాటింది అంది. ఏడాది నుంచి నాకు కబురు చెప్పలేదా, నేను చచ్చాననుకున్నావా అన్నాడు.

"చెబితే జాలిపడి పిలుస్తావు," అంది మా ఆవిడ. "నన్ను జాలిపడి పిలవద్దు."

బావ తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. బావ భార్య, అంత ముక్క జున్ను పెట్టానే అని నోరు నొక్కుకుని గోడకు ఆనుకుంది. నా చేతికి పప్పు ఎండిపోయి అట్ట కట్టింది. చేయి కడుక్కోవాలంటే లేవాలి, లేస్తే పెరుగు వేసుకోకుండా లేచినట్టే. ఎవరూ దారి చూపించలేదు కాబట్టి అలాగే కూర్చున్నాను.

కాసేపటికి బావ అడిగాడు. ఇవాళ్టిది అయిపోతే మళ్ళీ రేపు కప్పు వస్తుందా అన్నాడు. వస్తుంది, రోజుకొకటి అంది మా ఆవిడ.

"అయితే రేపు తిని వెళ్ళండి," అన్నాడు. "పెరుగు తినకుండా మా ఇంట్లోంచి పంపేది లేదు."

రేపు కోతకు మనుషులు వస్తారని నేను నసిగాను. కాయ ఎలా కోయాలో వాళ్ళకు నీకంటే బాగా తెలుసులే అన్నాడు. మందుబిళ్ళలు తెచ్చుకోలేదన్నాను. తెచ్చాను అంది మా ఆవిడ, సంచీలోంచి తీసి చూపిస్తూ. మార్చుకోవడానికి బట్టలు లేవన్నాను. బావ లోపలికి వెళ్ళి తన లుంగీ తెచ్చి నా భుజం మీద వేశాడు. చేయి కడుక్కో బావా, అన్నం అయిపోలేదు, రేపటి దాకా సాగుతుంది అన్నాడు. అలా నేను పెరుగు వేసుకోకుండా లేచాను. ఆ ఇంట్లో అలా లేచి కూడా మర్యాదగా బతికిన వాడిని నేనొక్కడినే.

సాయంత్రం కల్లం వైపు నడిచాం. పట్టాల మీద కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. బావ వంగి గుప్పెడు తీసి, గలగలమంటున్నాయో లేదో చెవి దగ్గర ఆడించి చూసి, మళ్ళీ పోశాడు. ఆ ఏడు నువ్వన్నప్పుడే మందు కొట్టి ఉండాల్సింది అన్నాడు, నా వంక చూడకుండా. ఈ మాట కోసం నేను ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. వినపడితే ఏమనాలో కూడా ఎన్నోసార్లు అనుకుని పెట్టుకున్నాను, అవన్నీ ఘాటైన మాటలే. తీరా విన్నాక వాటిలో ఒక్కటీ పనికొచ్చేలా కనిపించలేదు.

"కొట్టినా పోయేది బావా," అన్నాను. "కొట్టినోళ్ళ తోటలూ పోయినాయి."

అది నిజమే. మరుసటి నెలలోనే నాకు తెలిసిన నిజం. ఇద్దరం ఇంటికి వచ్చేశాం.

మర్నాడు నేను లేచేసరికి ఎండ వాకిట్లోకి వచ్చేసింది. మా ఆవిడ ఇంకా పడుకునే ఉంది. మా ఇంట్లో కోడి కంటే ముందు లేస్తుంది, జ్వరం వచ్చినా అంతే. ఇక్కడ తన వదిన పక్కన చాప మీద, చేయి చెంప కింద పెట్టుకుని, వాకిట్లో కళ్ళాపి చప్పుడవుతున్నా కదలకుండా నిద్రపోతోంది. బావ గడప దగ్గర నిలబడి చూసి, ఎవరూ లేపొద్దన్నాడు. నా ఇంట్లో ఇలాంటి నిద్ర ఇన్నేళ్ళలో ఒక్క రోజైనా పోయిందా అని ఆలోచించాను. జ్ఞాపకం రాలేదు. నల్ల కాఫీ తాగి, లుంగీ బిగించుకుని గేదె దూడను చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నం మిగిలిపోయిన భోజనం తిరిగి మొదలైంది. బావ భార్య రాత్రంతా అదే ఆలోచించినట్టుంది, ముద్దపప్పు మానేసి సొరకాయ కూర వండింది, ఉప్పు తగ్గించి. బావకు కూడా అదే వడ్డిస్తే నోరెత్తకుండా తిన్నాడు. పెరుగు దగ్గరికి రాగానే మా ఆవిడ సంచీలోంచి ఆ స్టీలు కప్పు తీసి అన్న చేతికి ఇచ్చింది. దాన్ని సంచీలో పెట్టుకు తిరుగుతుందని నాకే తెలియదు.

బావ ఆ కప్పును అరచేతిలో పెట్టుకుని చూశాడు. అటూ ఇటూ తిప్పాడు. నిన్న డీఏపీ అనీ పొటాష్ అనీ విన్నప్పుడు తలాడించిన మనిషి, ఇప్పుడు ఆ కప్పును చెల్లెలి వైపు ఎత్తి పట్టుకున్నాడు.

"ఇంతేనా అమ్మాయ్," అన్నాడు.

"ఇంతే," అంది.

గరిటెతో వేయబోయి, గరిటె పెద్దదై, చెంచా తెప్పించుకుని, కప్పు నింపి, అంచున పొంగిన మీగడను చెంచాతో తిరిగి గిన్నెలోకి లాగేశాడు. నా కంచంలో ఒంపి, ఎదురుగా కూర్చున్నాడు. నేను అన్నం కలుపుకుని చివరి మెతుకు దాకా తిన్నాను. అందరూ చూస్తుండగా తినడం ఇబ్బందే గానీ నా జీవితంలో అంత నెమ్మదిగా పెరుగన్నం ఎప్పుడూ తినలేదు. చేయి కడుక్కున్నాను. ఈసారి ఎవరూ తప్పు పట్టడానికి లేదు.

కాసేపు నడుం వాల్చి లేచి, లుంగీ మడిచి ఇచ్చేసి, ప్యాంటూ చొక్కా వేసుకున్నాను. నాలుగింటి బస్సుకు వెళ్తే దీపాల వేళకు ఇల్లు చేరతాం. మా ఆవిడ కోసం పెరట్లోకి వెళ్ళాను. వదినా తనూ బావి గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆమె జడ వదినే వేసినట్టుంది, మా ఇంట్లో అలా వేసుకోదు. బస్సుకు వేళవుతోందని చెప్పాను. ఆమె నన్నూ, నేను వేసుకున్న చొక్కానూ చూసింది. ఇన్నేళ్ళలో నన్ను ఏమీ అడగని మనిషి, అడిగినా వంటింటి సరుకులు తప్ప అడగని మనిషి, కొంచెం తల వంచుకుని అంది.

"ఏమండీ, రేపటి కప్పు కూడా ఇక్కడే తిందురుగాని."

నేను లోపలికి వెళ్ళి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాను.